వెనక గేటు

బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు ఎప్పుడూ
ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడిపోతుంది.
ఆ కాస్త సేపట్లో అమ్మ అడిగింది
"ఇంతకీ ఏం చదువు అది?"

తమిళంలో పొదు నిర్వాగం.
తెలుగులో ఏమంటారో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.
నెల్లూరు దాటి వచ్చేటప్పుడు మా తెలుగు
చీపురునీ, తిట్లనీ, అవ్వ పాడే నాట్ల పాటల్నీ తెచ్చుకుంది గానీ
ఇలాంటి మాటలేవీ మూటగట్టుకోలేదు.
"నీ జీతం కాగితం ఏ బల్ల మీద ఆగిపోయిందో
కనిపెట్టే చదువు" అన్నాను.
"దానికి మూడేళ్ళా?" అంది.
రైలు కదిలింది.

ఒక రోజు కూలి వదులుకుని వచ్చింది.
పెళ్ళిళ్ళకు కట్టే ఊదారంగు చీర.
రెండుసార్లు సబ్బుతో రుద్దినా
వేళ్ళ సందుల్లో బ్లీచింగ్ పౌడర్ వాసన
మాతోబాటే టిక్కెట్టు లేకుండా వచ్చింది.

సముద్రానికి ఎదురుగా ఎర్ర ఇటుకల కాలేజీ.
మెట్ల మీద నిలబడితే ఎంత గాలో!
లైబ్రరీ తలుపులోంచి తొంగి చూశాను,
అటువైపు గోడ కనిపించనన్ని పుస్తకాలు.
నోటీసు బోర్డులో పోయినేటి కటాఫ్ రాసుకుని
వెనక్కి తిరిగితే అమ్మ లేదు.

వెతగ్గా వెతగ్గా దొరికింది.
వెనక గేటు దగ్గర, చెత్త డబ్బాల పక్కన,
ఎవరో ఒకామెతో గొంతుక్కూచుని
మన తెలుగులో.
"మూణ్ణెల్లాయె జీతం పడి.
మేస్త్రీ రేపంటాడు, ఆఫీసోళ్ళు మేస్త్రీనడగమంటారు."
చెంచమ్మంట. పుళియాంతోపంట.
అమ్మ లేస్తూ లేస్తూ నా వంక చూసిన చూపు
కటాఫ్ కంటే ఎత్తులో ఉంది.

తాంబరం అవతల అద్దాల కాలేజీ సంగతి
చెప్పడానికి పెద్దగా లేదు.
ఫీజు అంకెలో సున్నాలు లెక్కపెట్టుకుని వచ్చేశాం.
బాత్రూములు తళతళలాడతాయట.
కడిగేవాళ్ళు మాత్రం వాటిల్లోకి పోకూడదట.
ఇదీ అమ్మ వెనక గేటు నుంచి మోసుకొచ్చిందే.

మూడోది మా ఇంటికి రెండు స్టాపులు, సాయంత్రం కాలేజీ.
పుస్తకాలకు రెండు బీరువాలు,
ఒకదాని తాళంచెవి ఎప్పుడో పోయింది.
కానీ ఊడ్చే కన్నియమ్మ
గుమాస్తా గదిలో ఫ్యాను కింద కుర్చీలో కూచుని టీ తాగుతోంది.
ఒకటో తారీకు తెల్లారేసరికి
ఆమె ఫోను ఠంగుమంటుందట.
"ఈడే" అంది అమ్మ.
కొనే ముందు వంకాయను నొక్కి చూసి
బుట్టలో పడేసినట్టు.

బస్సులో ఇద్దరం తగువులాడుకున్నాం.
"పాలన తెలిసినోళ్ళు ఈడుండారు."
"పుస్తకాలు ఆడున్నాయి."
"చెంచమ్మ జీతం ఆ పుస్తకాల్లో ఉందా?"
ముందు సీట్లో తమిళ పెద్దాయన వెనక్కి తిరిగాడు.
మేం ఇంకా గట్టిగా తెలుగులో అరుచుకున్నాం.

రాత్రి బ్రౌసింగ్ సెంటర్లో ఇళంగో ఫారం తెరిచాడు.
తల్లి వృత్తి: ప్రభుత్వం, ప్రైవేటు, ఇతరం.
ఊడ్చేది నగరం రోడ్డు.
జీతమిచ్చేది కంపెనీ.
జారిపడి చెయ్యి విరిగినప్పుడు
ఆ ఇద్దరిలో ఎవరూ కారు.
ఇళంగో ఎలుక మీద వేలు పెట్టి ఎదురుచూస్తున్నాడు,
గంటకు ముప్పై రూపాయలు.
"ఇతరం" అన్నాను.
నా మొదటి పాఠం అక్కడే మొదలైందేమో,
ఆ నిమిషానికి మాత్రం ఒట్టి కోపమొచ్చింది.

తర్వాత కాలేజీల వరస.
మొదటి గడిలో సముద్రం పెట్టాను.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
చీర మడత పెట్టింది. మళ్ళీ విప్పి మడత పెట్టింది.
ఆపైన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.
పేర్లు చదవడం రాదు గనక
మా తమ్ముడు బొమ్మలతో దాచిపెట్టే నంబర్లు.
గ్యాసుకి మంట, మేస్త్రీకి పాము.
కొత్తగా ఒక చీపురు.

"సీటొస్తే మధ్యాన్నం అన్నం
చెంచమ్మ కాడ కూచోని తిను.
ఆ వెనక గేటు కాడ నీడుంది."